హెల్సింకి నగరము – అందలి స్త్రీల గురుతులు

ఐరోపాఖండమున ఉత్తరపు కొసను, బాల్టికు సముద్రమునుండి తూర్పునకు చేయివలె చాగియున్న ఫిన్లాండు సింధుశాఖ యొడ్డున, హెల్సింకి యను నగరము కలదు. ఇది ఫిన్లాండు దేశమునకు రాజధాని. జనసంఖ్య ఆరు లక్షలకు పైబడినది. స్వీడిషు భాష మాటలాడువారు దీనినే హెల్సింగ్‌ఫోర్సు అందురు. ఆ దేశమున ఫిన్నిషు, స్వీడిషు భాషలు రెండును రాజభాషలే గనుక వీథుల పేరులుకూడ రెండు భాషలలోను వ్రాయబడియుండును.

లండను, పారిసు మొదలగు నగరములను గూర్చి మన పత్రికలలో వలసినంత వ్రాయబడినది. ఆ నగరముల గొప్పతనము రాజమందిరములలోను, విజయస్తంభములలోను కానవచ్చును. హెల్సింకిలో అట్టి ఆర్భాటము తక్కువ. అయినను ఆ నగరమును గూర్చి మా పాఠకురాండ్రకు చెప్పవలెనని మాకు తోచుటకు కారణము వేఱు. ఆ రేవునందును, దాని చుట్టుపట్లను, స్త్రీలను స్మరించు గురుతులు కొన్ని యున్నవి. వానిలో పాతది యొక చక్రవర్తినిది. మఱియొకటి యింటిపనులు చేసి బ్రతికిన యొక పనికత్తెది. మొదటిది 1835లో నిలుపబడినది, రెండవది 1968లో. ఒకదానియొద్దనుండి మఱియొకదానియొద్దకు నడచిపోవుటకు అరగంట చాలును.

ముందు సముద్రమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. హెల్సింకి యెదుటి సముద్రపు నీరు మనమెఱిగిన సముద్రపు నీటివలె ఉప్పన కాదు. మహాసముద్రపు నీటిలో వేయి పాళ్లకు ముప్పదియైదు పాళ్లు ఉప్పుండగా, ఇక్కడ అయిదారు పాళ్లకంటె నుండదు. ఎన్నియో నదులు బాల్టికులో మంచినీటిని తెచ్చి పోయుచుండును. ఆ సముద్రమునకు మహాసముద్రముతో సంబంధము కలిగించు జలసంధులు మిక్కిలి యిఱుకైనవి. ఆటుపోట్లును లేనట్లే. అందుచేత సముద్రపు ఘోష యచ్చట వినబడదు. చెఱువు గట్టున నిలిచినట్లే యుండును. చలి ముదిరిన యేండ్లలో ఆ నీరు గడ్డకట్టి, ఓడలు నడచుటకు మంచును పగులగొట్టు ప్రత్యేకపుటోడలు దారి చేయవలసి వచ్చును. వేసవిలో ఆ మంచుకోత యోడలకు పని యుండదు. అవి రేవులో వరుసగా కట్టివేయబడి, పంటకాలము గడచిన పిమ్మట పాకలో నిలిపిన నాగళ్లవలె నుండును. ఉప్పు తక్కువగుటచే గలిగిన వింత యింకొకటి కలదు. అది యిల్లాండ్రకు సంబంధించినది గనుక తగిన చోట చెప్పెదము.

సముద్రముమీదుగా వచ్చువారికి ముందుగా కనబడునది సువోమెన్‌లిన్నా యను దీవుల కోట. అప్పుడు ఫిన్లాండు స్వీడను రాజ్యములో నొక భాగము. రష్యావారివలని భయముచేత స్వీడను ప్రభుత్వము 1748లో అగస్టిన్ ఎరెన్స్‌వార్డ్ అను సేనానిచే ఈ కోటను కట్టింప నారంభించెను. దీవి వెంబడి దీవిగా, నల్లని బండలపై బురుజులు లేచినవి. ఇంత శ్రమపడి కట్టిన కోట 1808లో రష్యావారు ముట్టడించినప్పుడు పెద్ద యుద్ధము లేకయే లొంగిపోయెను. కోటలోని సైన్యాధిపతియైన క్రోన్‌స్టెట్, మే నెల 3వ తేదీలోపల స్వీడనునుండి సహాయపుటోడలు రానిచో కోటను అప్పగించెదనని ఒడంబడిక చేసికొనెను. సముద్రము గడ్డకట్టియుండెను, ఓడలు రాలేదు. ఆయన ద్రోహియా, నిస్సహాయుడా యని ఆ దేశపు చరిత్రకారులు నేటికిని వాదించుచునే యున్నారు. ఆ మరుసటి సంవత్సరమే ఫిన్లాండు దేశమంతయు రష్యా చక్రవర్తి వశమయ్యెను. 1917లో దేశము స్వతంత్రమైన పిమ్మట, 1918లో, ఈ కోటకు "ఫిన్లాండు కోట" యని యర్థమిచ్చు ఇప్పటి పేరు పెట్టిరి.

ఇప్పుడది పిల్లలయాటలకు తగిన చోటు. రేవునుండి పడవమీద పావుగంట ప్రయాణము. సుమారు ఎనిమిదివందలమంది ఆ దీవులలో కాపురమున్నారు. వేసవిలో తల్లులు ఫలాహారపు బుట్టలతో పిల్లలను తీసికొనిపోయి గడ్డిమీద కూర్చుండుదురు. పాత ఫిరంగులు పిల్లలకు గుఱ్ఱములగును. అచ్చటి చర్చి గోపురముపై నొక దీపము వెలుగును. అది ఓడలకు దారి చూపు దీపస్తంభమును, దేవుని యిల్లును గూడ. ఒకే దీపము రెండు పనులు చేయుట మాకు మిక్కిలి నచ్చినది.

పడవ దిగిన చోటనే అంగడి మైదానము కలదు. దాని నడుమ సన్నని రాతిస్తంభ మొకటి, కొనయందు బంగారుపూత గోళమును, దానిపై రెండు తలల గద్దయు. హెల్సింకిలోని బహిరంగ స్మారకచిహ్నములలో నిదియే మొట్టమొదటిది. రష్యా చక్రవర్తియైన మొదటి నికొలాసు భార్య అలెగ్జాండ్రా ఫియొదోరొవ్నా 1833లో భర్తతో కూడ ఈ పట్టణమును చూడవచ్చి యిక్కడ పడవ దిగినందుకు జ్ఞాపకముగా దీనిని 1835లో నిలిపిరి. "చక్రవర్తిని రాయి" యని దీనిపేరు. ఆమె చేసిన పని యేమన, పడవ దిగుటయే. 1917లో రష్యాలో విప్లవము లేచినప్పుడు నావికులు ఆ గద్దను పెఱికివేసిరి. చాలకాలమునకు పిమ్మట దానిని బాగుచేయించి మరల యథాస్థానమున నుంచిరి. ఇప్పుడా రాయి చుట్టును నారింజవన్నె గుడారములు వేసికొని కూరలు, పండ్లు అమ్మువారు కూర్చుందురు. వేసవిలో లేత బఠాణీకాయలు కొలతతో కొని, నడచుచునే పచ్చివి ఒలుచుకొని తినుట అచ్చటివారికి పరిపాటి. స్ట్రాబెరీలు, అడవులలో దొరకు నీలపు రేగుపండ్లవంటి చిన్నపండ్లు, బంగాళాదుంపలు, సాల్మను చేప ముక్కలు, పాలమీగడ వేసి కాచిన సూపు, అన్నిటికంటె ముఖ్యముగా కాఫీ. ప్రపంచమున మనిషికొకటికి లెక్కచూచినచో అత్యధికముగా కాఫీ త్రాగు జనులలో ఫిన్లాండువారు చేరుదురు. చేతిలోని తినుబండారమును సముద్రపు గువ్వలు తన్నుకొనిపోవును గనుక ఆ గుడారములక్రింద కూర్చుండియే తినుట మేలు.

ప్రతి సంవత్సరమును అక్టోబరు మొదటి భాగమున ఈ రేవులో హెరింగు చేపల సంత జరుగును. 1743 మొదలు ఇది సాగుచున్నది. అనగా కోటకంటెను, చక్రవర్తిని రాయికంటెను పాతది. చుట్టుప్రక్కల దీవులలోని జాలరి కుటుంబములు పడవలలో వచ్చి, ఒడ్డునకు పడవను ఆనించి, దాని వెనుకభాగమునుండియే ఊరవేసిన చేపలును, దీవుల నల్లని తీపిరొట్టెయు అమ్ముదురు. చలికాలమునకు వలసిన నిలువ సరకు సమకూర్చుకొనుట ఇల్లాలి పని. ఊరగాయల దినములలో మన యిండ్లలోని సందడి యెఱిగినవారికి ఈ సంత సంగతి వివరింపనక్కఱలేదు.

అంగడి మైదానమునకు పడమటి కొసను, చెట్ల వరుసలతో చల్లగానుండు ఎస్ప్లనేడు వీథి మొదట, హావిస్ అమాండా యను కంచుబొమ్మతో నొక నీటిబుగ్గ కలదు. సముద్రమునుండి యప్పుడే లేచివచ్చి వెనుకకు తిరిగి చూచు నగ్నకన్య రూపము. విల్లె వాల్‌గ్రెన్ అను శిల్పి పారిసులో దీనిని తయారుచేసెను. 1908లో ఇక్కడ నిలుపబడెను. ఈ కన్య సముద్రమునుండి పుట్టిన హెల్సింకి నగరమే యని శిల్పి భావము. కాని ఆ నాటి స్త్రీల సంఘములు దీనిని తీవ్రముగా ఖండించినవి. స్త్రీ రూపమును ఇట్లు నడివీథిలో పురుషుల వేడుకకై నిలుపుట తగునా యని వారు ప్రశ్నించిరి. అప్పటికి వారి మాటకు విలువ లేకపోలేదు, ఏలయన ఆ వెనుకటి సంవత్సరమే వారు ఎన్నికలలో ఓట్లు వేసియుండిరి. ఆ సంగతి ముందు చెప్పెదము. బొమ్మ నిలిచినది. ఇప్పుడు ప్రతి ఏప్రిలు 30వ తేదీని విద్యార్థులు వేలకొలది గుమిగూడి, బొమ్మకు స్నానము చేయించి, తమ తెల్లటోపీవంటి టోపీని దాని తలపై నుంచి వసంతోత్సవము చేసికొందురు. మా యభిప్రాయ మడిగినచో, ఆ బొమ్మ యందమైనదే; ఆ స్త్రీల ప్రశ్నయు న్యాయమైనదే.

రేవునుండి ఉత్తరమునకు ఒక వీథి దాటినంతనే సెనేటు మైదానము. హెల్సింకి పేరు చెప్పగానే పటములలో కానవచ్చు తెల్లని చర్చి యిక్కడిదే. ఈ పట్టణమును 1550లో స్వీడను రాజు గుస్టావ్ వాసా స్థాపించెను గాని రెండున్నర శతాబ్దములవరకు అది పేరులేని కుగ్రామము వంటిదే. 1808లో అగ్నిప్రమాదమున దానిలో పెద్ద భాగము కాలిపోయెను. 1812లో రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండరు, స్వీడనుకు దగ్గరగానున్న టుర్కు పట్టణమునుండి రాజధానిని ఇచ్చటికి మార్చెను. కాలిన ఊరిపై క్రొత్త ఊరు కట్టుటకు ఎరెన్‌స్ట్రోం అనునాయన పథకము వేసెను. బెర్లినులో పుట్టిన కార్ల్ లుడ్విగ్ ఏంగెల్ కట్టడములను నిర్మించెను. మైదానమునకు తూర్పున సెనేటు భవనము, పడమర విశ్వవిద్యాలయము, ఉత్తరమున ఎత్తైన బండపై చర్చి. అన్నియు ఒకే చేతి పని యగుటచే, ఒకే గృహిణి సర్దిన గదివలె నా మైదానమున ఏ వస్తువును మఱియొకదానితో కలహింపదు. చర్చి పని 1830లో ఆరంభమై 1852లో ముగిసినది. ఏంగెల్ 1840లోనే మరణించెను గనుక దానిని పూర్తిగా చూడలేదు. పెద్ద గుమ్మటము చుట్టునున్న నాలుగు చిన్న గుమ్మటములును ఆయన తరువాతివాడు చేర్చినవి. చర్చి ముందరి పొడవైన మెట్లపై వేసవి సాయంకాలమున ఊరివారు వచ్చి ఊరక కూర్చుందురు. మాటలు తక్కువ. ఫిన్లాండువారికి మౌనము అసభ్యము కాదు.

మైదానము నడుమ 1894లో నిలిపిన రెండవ అలెగ్జాండరు చక్రవర్తి విగ్రహము కలదు. స్వతంత్రమైన దేశమున పరాయి చక్రవర్తి విగ్రహ మేల యుంచిరని యెవరైన నడుగవచ్చును. ఆయన ఫిన్లాండు శాసనసభను మరల సమావేశపఱచినవాడు. తరువాతి చక్రవర్తులలో నొకడు 1899లో ఆ దేశపు హక్కులను హరింప జూచినప్పుడు, జనులు నోరు మెదపక, ఈ విగ్రహము పాదములయొద్ద పువ్వులు కుప్పలుగా పోసిరి. మంచి చక్రవర్తికి పూలుంచినవారిని చెడ్డ చక్రవర్తి యెట్లు దండింపగలడు? ఆ పీఠమున ముందువైపు నిలిచిన రూపము "చట్టము". ఆమె స్త్రీ, సింహమును వెంటనుంచుకొని డాలు పట్టి నిలుచున్నది.

ఇక తక్కిన కట్టడములను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. రేవు ప్రక్కని దిబ్బపై ఎఱ్ఱని యిటుకలతో, బంగారు గుమ్మటములతో 1868లో కట్టిన ఉస్పెన్‌స్కి చర్చి రష్యావారి కాలపు గుర్తు. 1919లో పూర్తియైన రైలుస్టేషను ఎలియెల్ సారినెన్ అను శిల్పశాస్త్రజ్ఞుని రచన. వాకిట నలుగురు రాతిమనుష్యులు గుండ్రని దీపములు చేతబట్టి నిలుచుందురు. టెంపెలియావుకియో యను చర్చి 1969లో బండను తొలిచి లోపల కట్టబడినది. గోడలు చెక్కని రాయి, పైన రాగి కప్పు, చుట్టును అద్దముల గుండ వెలుగు. అందు సంగీతము విని తీరవలెనందురు.

సంగీతమనగా సిబేలియసు. ఆ దేశపు మహాసంగీతకర్త. ఆయన 1957లో మరణించిన పిమ్మట స్మారకచిహ్నమునకై జరిగిన పోటీలో గెలిచినది ఎయిలా హిల్టునెన్ అను స్త్రీ. ఆమె ఆయన రూపమును పోతపోయలేదు. ఆరువందలకు పైగా ఉక్కుగొట్టములను తాను స్వయముగా కాల్చి అతికి, అలవలె లేచు నొక గుంపుగా కూర్చెను. నాలుగేండ్ల పని, ఇరువదినాలుగు టన్నుల బరువు. 1967లో ఆవిష్కరించినప్పుడు, "ముఖము లేని స్మారకమేమి?" యని పలువురు గోలచేసిరి. వారి తృప్తికై సిబేలియసు ముఖమును వేఱుగ చేసి ప్రక్కనుంచవలసి వచ్చినది. వచ్చినవారు ఆ ముఖముతో ఫొటో తీయించుకొని, గొట్టముల క్రిందికి పోయి తల పైకెత్తి నిలుచుందురు. ఈ నగరమున స్త్రీ చేసిన గొప్ప శిల్పమును చూడగోరువారు సముద్రపుటొడ్డునకు చేరువనున్న సిబేలియసు తోటకు పోవలెను.

ఉప్పు తక్కువైన నీటిని గూర్చి చెప్పెదమంటిమి. హెల్సింకి యొడ్డున అచ్చటచ్చట నీటిలోనికి చొచ్చుకొనిపోవు కొయ్యవేదికలు కలవు. తెలియనివారు స్నానఘట్టము లనుకొందురు. అవి జంపఖానాలు ఉతుకు రేవులు. మన ముత్తవ్వలు చిరిగిన చీరలతో బొంతలు కుట్టినట్లు, ఫిన్లాండు ఇల్లాండ్రు పాతగుడ్డలను పీలికలుగా చించి, ఉండలు చుట్టి, మగ్గముపై నేలకు పఱచు పొడవైన చారల జంపఖానాలు నేయుదురు. తాత చొక్కా, బిడ్డ దుప్పటి, పెండ్లినాటి తెర, అన్నియు అందులో చేరును. నీరు ఉప్పన కానందున సబ్బు నురగ పట్టును, గుడ్డ బిఱుసెక్కదు. వేసవి యెండ కాయగానే జంపఖానాలు చుట్టి తెచ్చి, కొయ్యబల్లలపై పఱచి, పైను చెట్టు నూనెతో చేసిన సబ్బు పూసి, గట్టి కుంచెతో రుద్ది, జాడించి, రెండు దిమ్మల నడుమ నలిపి నీరు పిండు మరలో వేసి, అక్కడనే దండెములపై ఆరవేయుదురు. పండుగకుముందు ఇల్లు తుడుచుకొన్నంత సంతోషము. ఈ పని ఇప్పుడు మగవారును చేయుచున్నారు. ఇరుగుపొరుగు ముచ్చటలు, కాఫీ సీసా, రంగురంగుల చారలు, అవతల పోవు తెల్లని యోడలు. సబ్బునీరు సముద్రమును చెఱచునని గ్రహించి, కొన్నిచోట్ల ఉతుకుచోట్లను గట్టుపైకి మార్చి, మురికినీరు కాలువలలోనికి పోవునట్లు చేసిరి. రాజధాని సముద్రతీరమున, ధనవంతుల మేడలకు ఎదురుగా, ఇంటిపనికి ఇంత మంచి చోటు ఇచ్చిన నగరము మఱియొకటి మాకు తెలియదు.

బిడ్డలను గూర్చికూడ ఆ నగరము శ్రద్ధ గలది. వేసవి సెలవులలో హెల్సింకి ఆటతోటలలో మధ్యాహ్నమున పిల్లలకు ఉచితముగా భోజనము పెట్టుదురు. యుద్ధకాలమున, 1942లో, మొదలైన యేర్పాటిది. పిల్లవాడు తన గిన్నెయు చెంచాయు తెచ్చుకొనిన చాలును. 1938 మొదలు పేదతల్లులకును, 1949 మొదలు ఎల్ల తల్లులకును, ప్రసవమునకుముందు ప్రభుత్వము ఒక పెట్టె నిండ బిడ్డబట్టలు, పఱుపు మొదలైనవి పంపుచున్నది. వలదన్నవారు బదులుగా రొక్కము తీసికొనవచ్చును. ఆ అట్టపెట్టెయే చాలమంది శిశువులకు మొదటి పాన్పు. వైద్యపరీక్షకు సకాలమున పోయిన తల్లికే యా పెట్టె యిచ్చు నియమముండుటచే తల్లులు తప్పక వైద్యులయొద్దకు పోయిరి. ఈ యుపాయము మాకు మిక్కిలి తెలివైనదిగా కానవచ్చుచున్నది. ఇంకొక వింత: చలిలోకూడ పసిబిడ్డలను ఉన్నిబట్టలలో చుట్టి, బండిలో పరుండబెట్టి, ఆరుబయట నిదురపుచ్చుదురు. చల్లగాలిలో బిడ్డకు గాఢనిద్ర పట్టునని వారి నమ్మకము. మన పెద్దవారు వినినచో గుండెలు బాదుకొందురు.

ఆ చలికాలము సామాన్యమైనది కాదు. జూనులో పగలు పందొమ్మిది గంటలకు దగ్గరగా నుండి, అర్ధరాత్రియైనను ఆకాశము పూర్తిగా నల్లబడదు. డిసెంబరులో పగలు ఆరు గంటలైన నుండదు. ఆ కొంచెము వెలుగును మబ్బు మ్రింగివేయుట కలదు. అందుచేత వారికి దీపముపై మమకార మెక్కువ. డిసెంబరు 6వ తేదీ స్వాతంత్ర్యదినము. ఆ సాయంకాలమున ఇంటింటను కిటికీలో రెండేసి క్రొవ్వొత్తులు వెలిగింతురు. 13వ తేదీని, లూసియా పండుగనాడు, తెల్లని బట్టలు కట్టి, తలపై క్రొవ్వొత్తుల కిరీటము ధరించిన కన్య సెనేటు మైదానపు మెట్లను మెల్లగా దిగివచ్చును. క్రింద చీకటిలో వేలమంది నిలిచి చూతురు.

ఇక ఆ యోటు సంగతి. 1906లో ఫిన్లాండు శాసనసభ స్వరూపము మారినప్పుడు, స్త్రీలందఱకును ఓటు హక్కును, సభ్యురాండ్రుగా నిలుచు హక్కును ఒక్కసారిగా లభించెను. ఐరోపాలో మొదట, రెండు హక్కులును పూర్తిగా ఇచ్చినవారిలో ప్రపంచమునకే ముందు. 1907 మార్చిలో ఎన్నికలు జరిగెను. 200 మంది సభ్యులలో 19 మంది స్త్రీలు. శాసనసభలో స్త్రీలు కూర్చుండుట లోకమున కదియే ప్రథమము. సభకు సొంత భవనము లేక, అగ్నిమాపకదళపు భవనములో సమావేశమైరి. ఆ పందొమ్మండ్రలో అలెగ్జాండ్రా గ్రిపెన్‌బెర్గ్ అను జమీందారీ కుటుంబపు ఆడపడుచు ఒకరు. లూసినా హాగ్మన్ మఱియొకరు. ఈమె బాలికల చదువునకై పాటుపడిన ఉపాధ్యాయురాలు, 1899లో "మార్తా సంఘము"ను స్థాపించినవారిలో ముఖ్యురాలు. వంట, తోటపని, శిశుపోషణ, ఇంటిఖర్చు లెక్కలు పల్లెపల్లెకు పోయి నేర్పిన ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది. మూడవ యామె మీనా సిల్లాన్‌పా.

మీనా 1866లో కౌలుదారు నింట పుట్టినది. తొమ్మండ్రు సంతానములో నొకతె. ఊరూర తిరుగు బడిలో కొద్దిపాటి చదువు తప్ప చదువు లేదు. పండ్రెండవయేట ఫోర్సా పట్టణమున నూలుమిల్లులో కూలికి చేరెను. పదునెనిమిదవయేట పోర్వో పట్టణములో పనికత్తెయై, పిమ్మట హెల్సింకి చేరి అదేవృత్తిలో ఏండ్లు గడపినది. ఆ కాలమున పనివారిస్థితిని 1865వ సంవత్సరపు సేవకశాసనము నిర్ణయించుచుండెను. ఏడాదికి ఒడంబడిక, నడుమ విడిచిపోరాదు, యజమానికి దండించు నధికారము కొంత కలదు. పనిగంటలకు లెక్క లేదు. వంటయింటి మూలయే పడకగది. ఈ శాసనము 1922లోగాని రద్దు కాలేదు.

1898లో హెల్సింకి పనికత్తెలు తమకొక సంఘము పెట్టుకొనిరి. మీనా దానికి నాయకురాలై దాదాపు అర్ధశతాబ్దము నడిపినది. ఉద్యోగము పోయి వీథిలో పడిన పడుచులకు తలదాచుకొనుటకు ఒక యిల్లు, పని చూపుటకు ఒక కచేరి ఏర్పడెను. వారికై పత్రిక నడిపినది. 1907లో శాసనసభకు ఎన్నికైనది. అన్నియు కలిపి 38 సంవత్సరములు ఆ సభలో కూర్చున్నది. తాను బల్లలు తుడిచిన యిండ్లవంటి యిండ్ల యజమానులతో సమముగా కూర్చుండి, పనివారి గంటలను గూర్చి, పెండ్లికాని తల్లుల బిడ్డలను గూర్చి మాటలాడినది. 1926లో సాంఘికవ్యవహారముల మంత్రిణి యయ్యెను. ఫిన్లాండున స్త్రీ మంత్రిపదవి నొందుట అదియే మొదలు. లోకము వెలివేసిన తల్లులకును వారి శిశువులకును నిలువనీడ యిచ్చు "తొలియిండ్లు" ఆమె పట్టుదలచేతనే వెలసినవి. మొదటిది 1942లో హెల్సింకిలో తెఱవబడెను. 1952లో ఆమె చనిపోయినది.

ఇప్పటి శాసనసభా భవనము 1931లో కట్టినది. ఎఱ్ఱని రాయి, పదునాలుగు స్తంభములు, చూచినంత భయము కలుగును. దాని కెదురుగా 2018 డిసెంబరులో ఊడి యను ప్రజాగ్రంథాలయమును తెఱచిరి. కొయ్యతో, అద్దములతో, ఓడవలె నున్న కట్టడము. అందు పుస్తకములే కాక కుట్టుమిషనులు వరుసగా నుండును. ఎవరైనను పోయి, బట్ట తీసికొని కూర్చుండి, తమ రవికయో బిడ్డ గౌనో కుట్టుకొని రావచ్చును. శాసనసభకు ఎదురుగా కుట్టుమిషను చప్పుడు! ఈ యేర్పాటు చేసినవారిని మేము మెచ్చుకొనుచున్నాము.

మీనా స్మారకచిహ్నము శాసనసభ ముందర లేదు. స్టేషనునుండి ఉత్తరమునకు నడచి, పొడవైన వంతెన దాటినచో పూర్వము కూలివారి పేటయైన ప్రాంతము వచ్చును. అచ్చట నీటియొడ్డున తొకోయిన్‌రాంతా యను తోటలో నున్నది. అయిమో టుకియాయినెన్ అను శిల్పి పని. చక్రవర్తిని రాయివలె నెత్తైనది కాదు, తెలియనివారు దాటిపోవుదురు. ప్రతి యక్టోబరు 1వ తేదీని ఆమె పేర దేశమంతట జెండా లెత్తుదురు. ఆ దినములలోనే దక్షిణపు రేవులో దీవులనుండి వచ్చిన జాలరి స్త్రీలు పడవల వెనుక నిలిచి హెరింగు చేపలు తూచుచుందురు.